ఎత్తుకు భయపడే తివాచీ మీద అభిప్రాయ సేకరణ

ఎవరైనా తాము చేసిన పనిని చూపించి ‘ఎలా ఉంది?’ అని అడిగితే, జవాబుగా బొటనవేలి బొమ్మ పంపడం ఈ కాలపు మర్యాద అయింది. ఆ వేలికి అర్థమేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు. చూశామనా, తీరిక దొరికినప్పుడు చూస్తామనా, ఇకపై అడగవద్దనా? నా ఉద్యోగ జీవితమంతా ఇతరుల పనిలోని తప్పులను రాసి, కింద సంతకం పెట్టడంలో గడిచింది. అభిప్రాయమంటే ఏ దృశ్యంలో, ఏ చోట, ఏమి, ఎందుకు అన్న ప్రశ్నలకు జవాబు ఉండాలని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. ఇక్కడ రాయబోయే ఉదంతం ఆ నమ్మకానికి అనుకూలంగా లేదు. అయినా బొమ్మల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు దీనిని చదవడం అవసరమనుకుని రాస్తున్నాను. అనుకూలమైన సంగతులు మాత్రమే రాసిపెట్టుకునే అలవాటు నాకు లేదు.

ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులలో మా స్టూడియో ఉండేది. విదేశాలలో ఎవరో రాసిన కథలకు మేము కదిలే బొమ్మలు గీసి పంపేవాళ్లం. ఒక మనిషి చెయ్యి ఎత్తాలంటే, చెయ్యి కిందున్న బొమ్మను, పైకి లేచిన బొమ్మను అనుభవమున్నవారు గీస్తారు. మధ్యనుండే బొమ్మలన్నీ పిల్లలు నింపుతారు. ఆ కాగితాల కట్ట చివరికి చెకర్ బల్ల మీదికి వస్తుంది. నేను చెకర్‌ను. కట్టను వేళ్లతో సరసరా తిప్పి చూసి, చొక్కాకు గుండీ మాయమైనా, బూటు రంగు మారినా, ‘రీటేక్’ అని చీటీ రాసి వెనక్కి పంపడం నా పని. చీటీ రాలేదంటే పని బాగున్నట్టు. మా దగ్గర మెచ్చుకోలుకు వేరే భాష ఉండేది కాదు.

ఇంకొక ఆచారం కూడా ఉండేది. మేము చేసేవి ఎక్కువగా హాస్యకథలే అయినా చెకింగ్ గదిలో ఎవరూ నవ్వకూడదు. నవ్వుతూ చూసేవాడు తప్పును దాటేస్తాడని నాకు పని నేర్పిన పెద్దాయన అనేవారు. నేనూ నా తరువాతివారికి అదే నేర్పాను. ఎలుక పిల్లిని ఇస్త్రీ చేస్తున్న దృశ్యాన్ని పదిమందిమి చుట్టూ కూర్చుని, శవపంచనామా చూసినంత గంభీరంగా చూసేవాళ్లం. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా కిసుక్కుమంటే మిగతావారు తల ఎత్తి చూసేవారు. మరునాటికి ఆ పిల్ల కూడా మాలో కలిసిపోయేది.

అలా ఒకసారి కిసుక్కుమని, మరునాటికి కూడా మాలో కలవని ఒక అమ్మాయి ఉండేది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చింది. తండ్రి అక్కడ కొద్దిపాటి చెలక దున్నేవాడు. మధ్య బొమ్మలు నింపే పనిలో చేరి, కొద్ది ఏళ్లలోనే దృశ్యాలు కూర్చే స్థాయికి ఎదిగింది. ఆమె పనికి నేను రాసినన్ని రీటేక్ చీటీలు మరెవరికీ రాయలేదు. పని బాగాలేక కాదు. ఇచ్చిన కథలో లేనివి చేర్చేది. వెనక నిలబడిన గాడిద కూడా వినాలి కదా అని దాని చెవులు కదిలించేది. గాడిదకు కదలిక రాసి లేదని నేను చీటీ పంపేవాణ్ని. రాయనంత మాత్రాన అది చెవిటిదవుతుందా సార్ అని వచ్చి అడిగేది.

విదేశాల పని తగ్గి, స్టూడియో మూతపడి, నేను విశ్రాంతిలోకి వెళ్లాక ఆమె సంగతి కొంతకాలం తెలియలేదు. ఒకనాడు ఫోన్ చేసి, సొంతంగా ఒక బొమ్మల సీరియల్ గీస్తున్నానని, రెండు భాగాలు పూర్తయ్యాయని, వచ్చి చూడమని అడిగింది. నాంపల్లి స్టేషన్ దగ్గర ఆమె మేనమామ ఒక లాడ్జి మేనేజరు. లాడ్జి పై అంతస్తులో పాత పరుపులు దాచే గదిని ఖాళీ చేసి ఆమెకు ఇచ్చాడు. కిటికీకి ఒక పక్క కంప్యూటరు, మరో పక్క ఇంకా బయటికి పోని పరుపులు. ఆ పరుపుల మీదే కూర్చుని నేను మొదటిసారి చూశాను.

కథ ఇది. అడవి కరిగిపోయి నిలువ నీడ లేని ఒక రాకాసి, ఎగిరే తివాచీ మీద హైదరాబాదు వస్తుంది. చిక్కేమిటంటే ఆ తివాచీకి ఎత్తంటే భయం. మోకాలి ఎత్తుకు మించి లేవదు. ఆబిడ్స్ చౌరస్తాలో ఆటోల మధ్య ఆగి, సిగ్నలు పడ్డాక కదులుతుంది. రాకాసి నాంపల్లిలో కిరాయి గది వెతుక్కుంటుంది. ఇంటి ఓనరు ఆమె కోరలను చూసి బెదరడు. ‘వెజ్జా, నాన్‌వెజ్జా?’ అని అడుగుతాడు. ‘మనుషులను మానేసి చాన రోజులాయె’ అని ఆమె నిజాయితీగా చెబుతుంది. ఆయన దానికీ చలించడు. ‘నీళ్లు రోజుకు ఎన్ని బకెట్లు వాడుతవ్?’ అంటాడు. రెండో భాగం చివర, ఊరంతా ఒక్కసారి పైనుంచి చూడాలని రాకాసి ముచ్చటపడి తివాచీని బతిమాలుతుంది. అది ఆమె మాట కాదనలేక, కళ్లు లేని తన నాలుగు మూలలనూ గట్టిగా మూసుకుని, ఒక భవనం మీది దాకా లేస్తుంది. అక్కడ కిందికి చూసి, నీళ్ల పైపును కరచుకుని, ఇక దిగనంటుంది. అంతవరకే.

మూలలను మూసుకోవడమేమిటని నేను అడిగాను. చూసిన్రు కదా సార్, మూసుకున్నది గదా అంది. నిజమే, మూసుకున్నట్టే ఉంది. ఆ సంగతి రాసుకోవడానికి నా తప్పుల పట్టికలో తగిన పేరు ఉన్న గడి లేదు.

ఆమెకున్న ఇబ్బంది వేరు. ఫోనుల్లో ఆడే ఆటలకు నాణేలు, పండ్లు, పేలే సీసాలు గీసే ఒక కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. మంచి ఉద్యోగమే. అయితే చేరినవారు బయట సొంత బొమ్మలేవీ చేయకూడదని వారి షరతు. శనివారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. అవునంటే తివాచీ ఆ పైపు దగ్గరే శాశ్వతంగా ఉండిపోతుంది.

“మంచిగ లేకుంటె ఫికర్ లేదు సార్. బందువెట్టి కొలువుల చేరుత. మంచిగుంటె చెయ్యాలె. గా ముక్క ఎవ్వలు చెప్తలేరు,” అంది.

ఎవరిని అడిగావంటే ఫోను చూపించింది. బంధువులు, పాత స్నేహితులు పంపిన జవాబులు అందులో ఉన్నాయి. బొటనవేళ్లు, చప్పట్లు, మంటలు. ఒక పెదనాన్న పూలగుత్తి పంపి శుభోదయం చెప్పాడు. ఒక స్నేహితురాలు ‘సూపర్’ అని రాసి, కింద చీరల అమ్మకం గురించి తన సొంత ప్రకటన జతచేసింది. వాటన్నిటినీ కాగితం మీదికి ఎక్కించి, చర్యకు పనికివచ్చేవి, పనికిరానివి అని విడదీశాను. మొదటి గడిలో ఏమీ చేరలేదు. ఒక మనిషి తన బతుకులోని ఇంత కాలాన్ని పెట్టి చేసిన పనికి ఈ దేశంలో దొరికే విలువ ఇదా అని నాకు ఆ రోజు నిజంగానే కోపం వచ్చింది.

“పని తెలిసినవాళ్లకు చూపిద్దాం,” అన్నాను.

పాత సహోద్యోగులను ఇద్దరిని పిలిచాను. ఒకరు రంగుల విభాగం చూసినవారు. ఇప్పుడు ఆబిడ్స్ సందులో పెళ్లికార్డుల దుకాణం నడుపుతున్నారు. మరొకరు బొమ్మల వెనక కనిపించే వీధులు, గోడలు, చెట్లు వేసిన చిత్రకారుడు. హిమాయత్‌నగర్‌లో పిల్లలకు డ్రాయింగ్ చెబుతున్నారు. పెళ్లికార్డుల దుకాణం వెనక గదిలో, వినాయకుడి బొమ్మల నమూనాల మధ్య ఒక తెర పెట్టాం. శనివారం మధ్యాహ్నం, ముందువైపు ఎవరో పెళ్లివారు అత్తగారి పేరు ముందు వేయాలా, మామగారి పేరు ముందు వేయాలా అని తగవులాడుతుండగా, మేము రెండు భాగాలూ చూశాం.

ఎవరూ నవ్వలేదు. అది నాకు సహజంగానే తోచింది. ఆ అమ్మాయి మాత్రం తెర వైపు చూడకుండా మా ముఖాలనే చూస్తూ కూర్చుంది.

ముగిశాక రంగుల పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు. “కిరాయి సీన్ల ఓనరు చేతిల బకెట్ ఉన్నది చూడు. నీళ్లెన్ని అని అడుగుతడు గద, గాడ బకెట్‌కు పట్టుకునే కమ్మి లేదు. ముందటి బొమ్మల ఉన్నది, ఎనకటి బొమ్మల ఉన్నది. నడుమ ఏడవోయింది?”

“రాస్కున్న అన్నా,” అంది ఆమె.

చిత్రకారుడు అందుకున్నారు. “చౌరస్తాల తివాచీ నీడ ఎడమకు వడ్డది, ఆటోల నీడ కుడికి వడ్డది. హైదరాబాద్‌ల ఇద్దరు సూర్యులున్నరా అమ్మా?”

“ఎండకాలం గట్లనే అనిపిస్తది అన్నా,” అంది.

ఆయన నవ్వలేదు. నీడ సంగతి రాసుకో అన్నారు. ఆ తరువాత రాకాసి నాలుక రంగు, గోడ మీద పగులు ఒకచోట ఉండి మరొకచోట లేకపోవడం, తివాచీ అంచు కుచ్చుల లెక్క. నేను కూడా నా వంతు చెప్పాను. చెప్పినవన్నీ సరైనవే. ఈనాటికీ వాటిలో ఒక్కదాన్ని కూడా నేను వెనక్కి తీసుకోను.

చివరికి ఆమె అడిగింది. “అన్నా, నవ్వొచ్చిందా?”

రంగుల పెద్దమనిషి కొంచెం ఇబ్బందిగా నా వైపు చూశారు. “నవ్వేటందుకు చూస్తలేను గదమ్మా. తప్పులకు చూస్తున్న.”

“నవ్వేటందుకు చూస్తె?”

“గట్ల ఎన్నడు చూడలె,” అన్నారాయన. ఆయన అబద్ధం చెప్పలేదు. మా ముగ్గురిలో ఎవరూ అలా చూసి ఎరుగరు. హాస్యం తయారుచేసే కర్మాగారంలో జీవితమంతా గడిపిన మేము, అది హాస్యమో కాదో చెప్పలేని స్థితిలో పెళ్లికార్డుల మధ్య కూర్చున్నాం. ముందు గదిలో పెళ్లివారి తగవు తీరినట్టుంది. వారు మాత్రం నవ్వుతున్నారు.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఇద్దరం నడిచే వెళ్లాం. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల పక్కగా దారి చేసుకుంటూ నేను ఆమెకు మా సభ ఫలితాన్ని వివరించాను. తప్పులు తక్కువ ఉన్నాయని, ఒంటిమనిషి చేసిన పనికి అది గొప్ప విషయమని చెప్పాను.

“సార్, ఒక్కలు గూడ నవ్వలేదు.”

“మా ఆచారం నీకు తెలిసిందే కదా.”

“తెలుసు సార్. గందుకే భయమైతున్నది. ఆచారం తెల్వనోళ్లు బొటనేలు వంపిన్రు. తెలిసినోళ్లు బకెట్ కమ్మి అడిగిన్రు. ఇంక మిగిలినోళ్లెవలు?” కొంత దూరం నడిచాక, “ఇంటికి పోయి ఔనని చెప్తా సార్. నాణేలు గూడ గుండ్రంగనే ఉంటయి. గీయొచ్చు,” అంది.

వద్దని అనడానికి ఆధారం లేదు.

లాడ్జి చేరేసరికి కింది హాలులో గొడవగా ఉంది. గోడకున్న టీవీకి కేబుల్ పోయింది. అక్కడ కూర్చున్నవారు ఎక్కువగా సాయంత్రం బండ్ల కోసం ఎదురుచూసేవారు, దవాఖాన పని మీద వచ్చి గదులు తీసుకున్నవారు. బేగం బజార్‌లో సరుకు కొనడానికి నిజామాబాదు వైపు నుంచి వచ్చిన ఒక కిరాణా సేటు కాళ్లు చాపుకుని, క్రికెట్ మధ్యలో ఆగిపోయిందని మేనేజరుతో తగువులాడుతున్నాడు.

“కేబులోనికి ఫోన్ జేసిన సేట్, జర ఆగు,” అంటున్న మేనమామ మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. “బిడ్డా, నీ బొమ్మలు ఉన్నయి గద డబ్బిల. జర పెట్టు. గీ లొల్లన్న తగ్గుతది.”

ఆమె వద్దంది. ఆయన ఆమె సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసుకుని తానే పెట్టేశాడు. ఆమె మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను ఒక స్తంభం పక్కన కుర్చీ వేసుకుని కాగితం తీశాను. చూసేవారికి తాము అభిప్రాయం చెబుతున్నామని తెలియని సందర్భం అంత సులభంగా దొరకదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. సేటు “చిన్నపోరగాండ్లదా?” అని అడిగి కళ్లు మూసుకున్నాడు. తివాచీ ఆబిడ్స్ చౌరస్తాలో ఆగినప్పుడు ఒకరు “అగో, మన ఆబిడ్సే” అని వేలు చూపించారు. ఇంటి ఓనరు రాకాసిని నీళ్లెన్ని బకెట్లు వాడతావని అడిగాడు. హాలులో నవ్వు లేచింది. ముసిముసి నవ్వు కాదు. కిరాయి ఇళ్లలో బతికినవారు తమ ఓనర్లందరినీ ఒక్కసారి గుర్తు చేసుకున్న నవ్వు. సేటు కళ్లు తెరిచి, “ఏమన్నడు, ఏమన్నడు?” అని పక్కవాణ్ని అడిగి, తెలుసుకుని, ఆలస్యంగా ఒక్కడే నవ్వాడు. బకెట్‌కు కమ్మి లేదని ఎవరూ గమనించలేదు. నేను మెట్ల వైపు చూశాను. ఆమె నిలబడిన చోటే నేల మీద కూర్చుంది.

ముందు వరసలో ఒక ముసలమ్మ, ఆమె పక్కన ఆమె భర్త ఉన్నారు. ఒడిలో దవాఖాన కాగితాల కవరు. ఆయన తెర వైపు చూస్తున్నాడో లేదో తెలియదు. ఆమె మాత్రం మొదటినుంచీ తెరతో మాట్లాడుతూనే ఉంది. తివాచీని బతిమాలుతున్న రాకాసిని “దానికి భయమైతదని చెప్తున్నది గదనే, ఎందుకు పోరు పెడుతవ్?” అని మందలించింది. తివాచీ పైపును కరచుకోగానే బొమ్మ ఆగిపోయి తెర నల్లబడింది.

“ఏంది, గాడనే ఇడిసిపెట్టిన్రా?” అంది ముసలమ్మ.

“అయిపోయిందవ్వా,” అన్నాడు మేనమామ.

“ఎట్ల అయిపోతది? జంపఖాన పైన్నే ఉన్నది గద. దిగిందా లేదా?”

మేనమామ నిస్సహాయంగా మేనకోడలి వైపు చూపించాడు. “నాకేమెర్క. బొమ్మలు జేసింది గా పిల్ల, అడుగు.”

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె లేచి ముందుకు వచ్చింది. “దిగుతది అవ్వా,” అంది.

“ఎట్ల దిగుతది?”

ఆమె నల్లబడిన తెర వైపు చూసింది. మూడో భాగం ఆమె మనసులో కూడా లేదని నాకు అప్పుడే తెలిసింది.

“తాడు ఏసి గుంజాలె,” అన్నాడు ఎవరో.

“గుంజితె చినగదా?” అన్నాడు సేటు. “జంపఖాన యాపారం నాకు చెప్పకు. సుట్టజుట్టి కిందికి అందియ్యాలె.”

“భయపడ్డదాన్ని సుడితె ఊపిరాడక సస్తది.”

“దానికి ముక్కేడ ఉన్నది?”

“భయమున్నకాడ ముక్కుండదా?”

కేబుల్ తిరిగి వచ్చింది. తెర మీద క్రికెట్ కనిపించింది. దాన్ని ఎవరూ చూడలేదు. సేటు కూడా చూడలేదు. నేను రాసుకోవడానికి ప్రయత్నించాను. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే దృశ్యం, చోటు, కారణం విడదీయడం సాధ్యం కాలేదు. కాగితం మీద ‘తాడు’, ‘చుట్ట’, ‘ముక్కు’ అన్న మాటలు మాత్రం మిగిలాయి.

ముసలమ్మ చెయ్యి ఎత్తి అందరినీ ఆపింది. “దాన్ని ఎవ్వలు దింపొద్దు. రాకాసిది గాడనే, దాని పక్కన కూసోవాలె. ఏమనొద్దు. భయం వోయినంక అదే దిగుతది.” భర్త వైపు తల ఊపింది. “ఈయన గూడ గంతే. దవాఖాన మిషిన్ల పండుమంటె పండడు. డాక్టర్లు ఒర్రిన్రు, కొడుకు ఒర్రిండు, పండలె. నేను పోయి పక్కన నిలవడ్డ. పన్నడు.”

“నేనేం భయపడలె,” అన్నాడు ముసలాయన మొదటిసారి నోరు విప్పి.

“నువ్వు భయపడ్డవన్ననా? జంపఖాన భయపడ్డదన్న.”

హాలు మళ్లీ నవ్వింది. ముసలాయన కూడా, కొంచెం ఆలస్యంగా. ఆమె లేచి కవరు చంకన పెట్టుకుంది. బండి వేళయిందట. పోతూ పోతూ అమ్మాయి గదవ పట్టుకుని, “వచ్చే నెల పున్నం దాటినంక మల్ల రమ్మన్నరు. గప్పటికి దింపి ఉంచు బిడ్డా,” అని వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక అమ్మాయి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. “సార్, మన స్టూడియోల ఎన్నడన్న డెలివరీ తప్పినమా?”

తప్పలేదు. మా వృత్తిలో గర్వించదగినది ఏదైనా ఉంటే అదొక్కటే. వరదలొచ్చినా, కర్ఫ్యూ పెట్టినా, చెప్పిన తేదీకి కట్టలు వెళ్లాయి. తేదీ ఇచ్చినవారు ఎవరు, అది న్యాయమైన తేదీయేనా అని మేము ఎన్నడూ అడగలేదు. తేదీ వచ్చిందంటే చేతులు వాటంతట అవే పనిలో పడేవి.

“తప్పలేదు,” అన్నాను.

“అయితె గీ కొలువోళ్లకు రానని చెప్తా.”

నేను అభ్యంతరం చెప్పాను. ఈ విషయాన్ని దాచను. బాటసారి ముసలమ్మ ఖాతాదారు కాదని, ఒప్పందం లేదని, వచ్చే నెల ఆమె వస్తుందో రాదో, వచ్చినా ఈ లాడ్జిలోనే దిగుతుందో లేదో తెలియదని, ఒక్కరి మాట మీద స్థిరమైన ఉద్యోగం వదులుకోవడం పద్ధతి కాదని ఒకదాని తరువాత ఒకటిగా వివరించాను. ఆమె అంతా మర్యాదగా విన్నది.

“గవన్ని కరెక్టే సార్. కాని డేట్ ఇచ్చింది గద,” అంది. నా ముందే ఫోన్ చేసి, రాలేనని రెండు ముక్కల్లో చెప్పేసింది. అవతలివారు కారణం అడిగినట్టున్నారు. “ఒక డెలివరీ ఉన్నది” అని జవాబిచ్చింది.

ఆ నెలంతా నేను రోజూ నాంపల్లి వెళ్లాను. చెకర్‌గా మాత్రమే వస్తానన్నాను. మొదటివారం దాటకముందే మధ్య బొమ్మలు నింపే పని కూడా నాకు అప్పగించింది. ఎన్నో ఏళ్లుగా ఇతరులు నింపినవాటిని చూసి చీటీలు రాసినవాణ్ని, ఎలక్ట్రానిక్ పలక మీద రాకాసి మోచెయ్యి నింపడానికి ఒక పూట తీసుకున్నాను. ఆమె నాకు చీటీలు రాయలేదు. ‘మల్ల జేయున్రి సార్’ అని మాత్రం అంటుండేది. మూడో భాగంలో రాకాసి భవనం మీద తివాచీ పక్కన కూర్చుంటుంది. చాలాసేపు ఏమీ జరగదు. కింద ఆబిడ్స్ కదులుతుంటుంది. పాత స్టూడియోలో అయితే అంతసేపు కదలిక లేని బొమ్మకు నేను తప్పక రీటేక్ రాసేవాణ్ని. కనీసం గాలికి కుచ్చులైనా కదలాలి కదా అన్నాను. “గాలి గూడ ఆగింది సార్,” అంది. అలాగే ఉంచాం.

పున్నమి దాటిన తరువాత ఒకటి రెండు రోజులు ఎవరూ రాలేదు. మేనమామ గదుల రిజిస్టరు వైపు, వీధి గుమ్మం వైపు మార్చి మార్చి చూసేవాడు. అమ్మాయి పైనుంచి దిగిరాలేదు. నేను చెప్పిన ఆక్షేపణలన్నీ నిజమవుతున్నాయని నాకు తోచింది. అందులో ఏ తృప్తీ కలగలేదు.

మూడోనాడు పొద్దున ముసలమ్మ వచ్చింది. ముసలాయన ఉన్నాడు. వారి వెంట దవాఖానలో పరిచయమైన మరో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఉన్నారు. “ఏదీ, దిగిందా?” అన్నది గుమ్మంలోనే. “వీళ్లకు గూడ మొదటి కెల్లి చెప్పిన. బంచెల మీద కూసుంటె పొద్దుపోదు గద. ముందుగాలయి గూడ పెట్టు, చూస్తరు.”

మూడు భాగాలూ పెట్టాం. నేను స్తంభం పక్కన కూర్చున్నాను, ఈసారి కాగితం లేకుండా. బొత్తాము ఊడిపోయిందని ఆ రోజు కాగితాల సంచి తేలేదు, అంతకంటే వేరే కారణం లేదు. నవ్వవలసినచోట నవ్వారు. భవనం మీది నిశ్శబ్దంలో ఎవరూ కదల్లేదు. తివాచీ ఒక మూల విప్పి, కిందికి చూసి, మళ్లీ మూసి, మళ్లీ విప్పి, మెల్లగా దిగింది. ముసలాయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. పక్కనున్న ఆడమనిషి పెద్దగా ఊపిరి వదిలింది. ఆ తరువాత ముసలమ్మ వైపు తిరిగి, “మల్ల దాని తల్లి ఏది?” అని అడిగింది.

“ఔ,” అంది ముసలమ్మ. “తల్లిది పెట్టలేదేంది?”

“ఎవరి తల్లి?” అని నేను అడిగాను.

“జంపఖాన తల్లి. చిన్నగున్నప్పుడు చెప్తది గద, ఎక్కకు బిడ్డా, పడుతవు అని. గందుకేనాయె దానికి భయం. పోయినసారి చూసిన నేను. పాతది, అంచులు చినిగింది, గోడకు ఆనుకొని ఉంటది.”

అలాంటి దృశ్యం లేదు. రెండు భాగాలలో ప్రతి బొమ్మా నేను తిప్పి చూసినదే. ఏ దృశ్యంలో ఏముందో రాతపూర్వకంగా నా దగ్గర ఉంది. తివాచీకి తల్లి లేదు. గోడకు ఆనుకున్న ముసలి తివాచీ ఎక్కడా లేదు. ఈ ముసలమ్మ దవాఖాన బెంచీ మీద నెలంతా కథ చెప్పి చెప్పి, తాను చేర్చినదాన్నే చూశానని నమ్ముతోంది. వాస్తవాన్ని స్పష్టం చేయడం నా విధి అనుకుని, గొంతు సవరించుకుని ముందుకు వంగాను.

అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ముసలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని అడిగింది. “ఉన్నది అవ్వా. గీసారి మర్చిపోయి పెట్టలె. తల్లి ఇంకేమేమన్నదో జర చెప్పు, నాకు యాదికి లేదు.”

ముసలమ్మ కొంగు సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది. నేను మేనమామ బల్ల మీది కాగితం ఒకటి అడిగి తీసుకుని, ఆమె చెప్పినదంతా చెప్పిన వరసలోనే రాశాను. ఆ దృశ్యం ఇప్పుడు నాలుగో భాగంలో ఉంది.